అలర్జీ ఇంజెక్షన్ల కోర్సు: మందు కంటే ముందు దాన్ని వేసే చోటును పరిశీలించండి

దుమ్ము పడక, పుప్పొడి పడక ఏళ్ల తరబడి తుమ్ములతో, ముక్కు దిబ్బడతో, ఆయాసంతో బాధపడేవారికి డాక్టర్లు సూచించే అలర్జీ ఇంజెక్షన్ల చికిత్సను మా అమ్మాయికి హైదరాబాద్‌లో పూర్తిగా చేయించాము. కోర్సు ముగిసి ఏడాది దాటింది కాబట్టి, దాని ఫలితం గురించీ ఆ సేవ అందుతున్న తీరు గురించీ ఇప్పుడు నిదానంగా చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చికిత్స పనిచేస్తుంది, మాత్రలు చేయలేని పని చేస్తుంది. అయితే అది ఎంత బాగా పనిచేస్తుందన్నదీ, ఎంత భద్రంగా సాగుతుందన్నదీ సీసాలోని మందు మీద కంటే, ఆ మందును ఎంచి, చల్లగా భద్రపరిచి, కొలిచి వేసి, వేశాక మనిషిని కూర్చోబెట్టి గమనించేవారి క్రమశిక్షణ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మేము ఈ సేవను రెండు చోట్ల చూశాము. ఒకచోట రక్తపరీక్ష దగ్గరే ఆగి వెనక్కి వచ్చాము, మరొకచోట కోర్సు పూర్తి చేశాము. రెండింటి పేర్లూ రాయడం లేదు. చదివేవారు ఏ ఊళ్లో ఏ క్లినిక్‌కు వెళ్లినా ఉపయోగపడే విషయాలకే పరిమితమవుతాను.

మా అమ్మాయికి చిన్న తరగతుల నుంచే పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, కళ్ల దురద, రాత్రి ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకోవడం ఉండేవి. పదేళ్లు దాటాక చలికాలంలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి. సెట్రిజిన్ తరహా మాత్రలు, మాంటెలుకాస్ట్, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఆ తర్వాత ఇన్‌హేలర్, అన్నీ వాడాము. అవి చెడ్డ మందులని నేను అనను. స్ప్రేను క్రమం తప్పకుండా వాడినన్నాళ్లూ ముక్కు తెరుచుకునే ఉండేది, మానేసిన కొద్ది వారాలకే పరిస్థితి మళ్లీ మొదటికి వచ్చేది. ఆ మందులు అలర్జీ వల్ల పుట్టే వాపునూ, అప్పుడు శరీరం వదిలే హిస్టమిన్ అనే రసాయనం ప్రభావాన్నీ అణచి ఉంచుతాయి తప్ప, దుమ్ము తగిలితే శరీరం ఎందుకంత తీవ్రంగా స్పందిస్తోందన్న మూలం జోలికి పోవు.

ఇంజెక్షన్లు ఆ మూలం మీదే పనిచేస్తాయి. అలర్జీ ఉన్న మనిషి శరీరం, ఇతరులకు ఏ హానీ చేయని దుమ్ము పురుగు ప్రోటీన్‌నో పుప్పొడి ప్రోటీన్‌నో శత్రువుగా భావించి, దాని కోసమే ప్రత్యేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. అవి ముక్కులో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో ఉండే మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. అదే ప్రోటీన్ మళ్లీ తగిలినప్పుడు ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్‌ను వదులుతాయి. తుమ్ములు, నీళ్లు కారడం, దురద, ఊపిరి బిగుసుకోవడం అన్నీ అక్కడి నుంచి వచ్చేవే. చికిత్సలో అదే ప్రోటీన్‌ను మొదట అతి స్వల్ప మోతాదులో చర్మం కింది కొవ్వు పొరలోకి ఎక్కించి, వారం వారం మోతాదు పెంచుతూ పోతారు. ఈ క్రమంలో నియంత్రణ టీ కణాలు అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరిగి, ఐఎల్-10 వంటి సంకేత రసాయనాలతో రోగనిరోధక వ్యవస్థ అతి స్పందనను తగ్గిస్తాయి. ఐజీజీ4 అనే మరో రకం యాంటీబాడీలు తయారై, ఆ ప్రోటీన్ ఐజీఈ దాకా చేరకుండా అడ్డుపడతాయి. ఐజీఈ మాత్రం తొలి నెలల్లో కొంత పెరిగి, తర్వాత ఏళ్ల మీద నెమ్మదిగా తగ్గుతుంది. కోర్సు మధ్యలో సొంతంగా రక్తపరీక్ష చేయించుకుని, ఐజీఈ తగ్గలేదు కాబట్టి డబ్బు వృథా అయిందని దిగులుపడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఫలితాన్ని లక్షణాలను బట్టీ, వాడాల్సివస్తున్న మందుల పరిమాణాన్ని బట్టీ అంచనా వేయాలి గాని రక్తపరీక్ష అంకెను బట్టి కాదు.

ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే వైద్యుడు గడ్డి పుప్పొడి సారాన్ని రోగులకు ఇంజెక్షన్‌గా ఇచ్చి, ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ఆయన కొద్దికాలానికే క్షయతో చనిపోగా సహచరుడు జాన్ ఫ్రీమన్ ఆ పనిని కొనసాగించాడు. ఐజీఈ అనేది ఒకటుందని శాస్త్రవేత్తలు కనుగొన్నది 1960ల రెండో భాగంలో. అంటే ఇది పనిచేస్తోందని చూసిన అర్ధ శతాబ్దానికి గాని ఎందుకు పనిచేస్తోందో తెలియడం మొదలు కాలేదు. మూడు నాలుగేళ్లు గడ్డి పుప్పొడి ఇంజెక్షన్లు తీసుకుని ఆపేసినవారికి ఆ తర్వాత కూడా కనీసం మూడేళ్లు ఉపశమనం నిలిచిందని 1999లో వెలువడిన పరిశోధన చూపింది. రెండేళ్లకే ఆపేస్తే ఏడాది తిరిగేసరికి ఆ ప్రయోజనం నిలవలేదని 2017లో వచ్చిన మరొకటి చూపింది. మూడు నుంచి ఐదేళ్లు అని డాక్టర్లు పట్టుబట్టడానికి కారణం ఇదే. మధ్యలో కాస్త బాగుందనిపించగానే మానేసే ఉద్దేశం ఉన్నవారు అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

మొదట వెళ్లిన చోటు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మాకు చెప్పిన పద్ధతిలోనే చికిత్స తీసుకుంటున్నవారు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. డాక్టర్ గారు అమ్మాయికి ఏ కాలంలో ఎక్కువవుతుంది, ఇంట్లోనా బయటా, పరుపు దులిపినప్పుడు ఏమవుతుంది అన్న ప్రశ్నలేవీ అడగకుండానే ఒక పెద్ద రక్తపరీక్షకు రాసిచ్చారు. వచ్చిన రిపోర్టులో వంకాయ, పెసరపప్పు, రొయ్యలు, పాలు, దుమ్ము, రకరకాల పుప్పొళ్లు, శిలీంధ్రాలు అన్నీ కలిపి పేజీల కొద్దీ ఉన్నాయి, చాలావాటి ఎదుట పాజిటివ్ అని ఉంది. గుత్తివంకాయ కూర మా అమ్మాయికి ప్రాణం, దాని వల్ల ఒక్కనాడూ దురద కూడా రాలేదు. ఆ జాబితాలోని వాటినన్నింటినీ కలిపి మందు తయారుచేయించి కొరియర్‌లో ఇంటికి పంపుతామనీ, ఫ్రిజ్‌లో పెట్టుకుని వారానికోసారి దగ్గరలోని కాంపౌండర్ చేతనో ఆర్‌ఎంపీ చేతనో వేయించుకుంటే సరిపోతుందనీ చెప్పారు. మర్యాదగానే చెప్పారు, ధర కూడా తక్కువే. అయినా ఆ పద్ధతిలో ప్రతి మెట్టూ తప్పే. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, దానికి తగ్గ లక్షణం మనిషిలో కనిపించాలి. ఆహార పదార్థాల అలర్జీకి ఈ ఇంజెక్షన్లు వాడరు. ఒకే సీసాలో అనేకం కలిపితే ప్రతిదాని మోతాదూ పనిచేసే స్థాయి కంటే పడిపోతుంది. పైగా బొద్దింక, శిలీంధ్రాల సారాల్లో ఉండే ఎంజైములు పుప్పొడి ప్రోటీన్‌ను విరగ్గొడతాయి కాబట్టి వాటిని పుప్పొడితో కలపకూడదు. ఇక ఆర్‌ఎంపీ చేత వేయించుకోవడం గురించి కింద చెబుతాను, అన్నింటికంటే ప్రమాదకరమైనది అదే.

రెండో చోట డాక్టర్ గారు ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. పడకగదిలో ఏ పరుపు వాడతారు, దూదిదా కొబ్బరిపీచుదా, ఇంటి పక్కన ఖాళీ స్థలాలున్నాయా, వాటిలో వయ్యారిభామ మొలుస్తుందా, వంటింట్లో బొద్దింకలున్నాయా అని అడిగి రాసుకున్నారు. అలర్జీ మాత్రలను వారం పాటు ఆపించి, ఆ తర్వాత చర్మ పరీక్ష చేశారు. ముంజేతి లోపలి వైపు పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క సారం పెట్టి, ప్రతి చుక్క మీదుగా కొత్త సూదితో చర్మాన్ని రక్తం రానంత తేలికగా గుచ్చారు. వాటిలో ఒకటి ఉత్త ఉప్పునీరు, ఒకటి హిస్టమిన్. మొదటిది ఉబ్బకూడదు, రెండోది తప్పక ఉబ్బాలి, అప్పుడే మిగతా చుక్కల ఫలితాన్ని నమ్మవచ్చు. పావుగంట గడిచేసరికి దుమ్ము పురుగుల సారం పెట్టిన రెండు చోట్ల చర్మం దోమ కుట్టినట్టు తెల్లగా ఉబ్బి చుట్టూ ఎర్రబడింది. డాక్టర్ గారు పారదర్శకమైన స్కేలుతో ప్రతి ఉబ్బునూ మిల్లీమీటర్లలో కొలిచారు. ఉప్పునీటి కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితేనే లెక్కలోకి వస్తుందట. బొద్దింకకు కొంచెం, వయ్యారిభామకు మరికొంచెం స్పందన కనిపించింది. లక్షణాలు ఏడాది పొడవునా, అదీ పడక మీద ఉన్నప్పుడు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి దుమ్ము పురుగులకు మాత్రమే ఇంజెక్షన్లు ఇద్దామన్నారు. రిపోర్టులో ఉన్నవన్నీ సీసాలోకి ఎక్కించకుండా, బాధపెడుతున్నదాన్ని మాత్రమే ఎంచుకున్న ఆ నిగ్రహం చూసి నాకు ఆ చోటు మీద నమ్మకం కుదిరింది.

దుమ్ము పురుగుల గురించి ఒక మాట. ఇవి నల్లుల్లాంటివి కావు, కుట్టవు. కంటికి ఆనని ఈ జీవులు పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో ఉండి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టును తిని బతుకుతాయి. అలర్జీ తెప్పించేది ప్రధానంగా వాటి మలంలోని ప్రోటీన్లు. దుప్పట్లనూ దిండు గలీబులనూ వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకమనీ, పరుపుకూ దిండుకూ పురుగు దూరని నేత తొడుగులు వేయమనీ, గదిలో గాలి ఆడేలా చూసి తేమ తగ్గించమనీ చెప్పారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి కదా అని ఈ పనులు మానేయకూడదని కూడా గట్టిగా చెప్పారు.

మందు మూడు సీసాల్లో వచ్చింది. 5000కు ఒక వంతు, 500కు ఒక వంతు, 50కు ఒక వంతు గాఢత ఉన్నవి. అన్నీ క్లినిక్ ఫ్రిజ్‌లోనే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచేవారు, ఆ ఫ్రిజ్ తలుపుకు తగిలించిన కాగితం మీద రోజుకు రెండు పూటలా ఉష్ణోగ్రత రాసి ఉండేది. మన ఎండాకాలాన్నీ కరెంటు కోతలనూ దృష్టిలో పెట్టుకుంటే ఆ కాగితం చిన్న విషయం కాదు. వెళ్లిన ప్రతిసారీ సిస్టర్ ముందుగా పోయినసారి చెయ్యి ఎంత వాచింది, ఎన్నాళ్లుంది, జ్వరం గాని ఆయాసం గాని ఉన్నాయా అని అడిగి, ఊపిరి ఎంత వేగంగా వదలగలదో కొలిచే పీక్ ఫ్లో గొట్టంలో ఊదించి ఆ అంకె రాసుకునేది. అంకె తగ్గితే ఆ రోజు ఇంజెక్షన్ ఉండదు. తర్వాత సీసా మీది పేరు, గాఢత పైకి చదివి, కార్డులోని గడితో సరిచూసి, సన్నని సిరంజిలోకి ఎక్కించిన మోతాదును మాకు చూపించి, పై చేతి వెనక వైపు చర్మాన్ని చిటికెతో పైకి పట్టి వేసేది. సూది నొప్పి చాలా తక్కువ. ఎడమ చెయ్యి ఒకసారి, కుడి చెయ్యి ఒకసారి.

ఆ తర్వాత అరగంట కదలకుండా కూర్చోవాలి. ఈ అరగంట గురించే నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలుచుకున్నాను. మోతాదు పెంచే దశలో, మూడో సీసా మొదలైన తొలి వారాల్లో ఒక సాయంత్రం, ఇంజెక్షన్ వేసిన పావుగంటకు మా అమ్మాయి అరచేతులు గోకడం మొదలుపెట్టింది. చూస్తుండగానే వరుసగా తుమ్ములు వచ్చాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, గొంతులో ఏదో అడ్డుపడినట్టుందని చెప్పి దగ్గసాగింది. సిస్టర్ పక్క గదిలోని డాక్టర్ గారిని పిలిచింది, పిలిచిన నిమిషంలోపే అమ్మాయిని పడుకోబెట్టి తొడ బయటి వైపు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ముందు ఎవిల్ అనే యాంటీహిస్టమిన్ మందు ఇచ్చి చూద్దామని ఎవరూ అనలేదు. ఇలాంటి సమయంలో ప్రాణం కాపాడేది అడ్రినలినే, మిగతావన్నీ దాని తర్వాతే. కొద్ది నిమిషాల్లో దగ్గు తగ్గింది, ముఖంలో రంగు తిరిగి వచ్చింది. అయినా ఆ రాత్రి గంటల తరబడి అక్కడే ఉంచి, ఆక్సిజన్ శాతాన్నీ బీపీనీ చూస్తూ ఉండి, పూర్తిగా నిలకడపడ్డాకే పంపారు. తర్వాతి వారం మోతాదును బాగా వెనక్కి తగ్గించి, అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లారు. కోర్సు ఆగలేదు, అలాంటిది మళ్లీ జరగలేదు.

ఇదే ఇంజెక్షన్ ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ వేసి పంపిస్తే, ఆ పావుగంటకు మేము బండి మీద రోడ్డులో ఉండేవాళ్లం. ఇలాంటి ఒళ్లంతా పాకే స్పందనలు అరుదు, సుమారుగా వెయ్యి ఇంజెక్షన్లకు ఒకటి అని చెబుతారు. మరణాలు ఇంకా అరుదు. కానీ అరుదైనవి ఎక్కడ జరిగాయన్నది ముఖ్యం. బ్రిటన్‌లో 1957 నుంచి 26 మంది ఈ ఇంజెక్షన్ల వల్ల చనిపోయారని 1986లో అక్కడి ఔషధ భద్రతా కమిటీ ప్రకటించి, ప్రాణాపాయ చికిత్సకు ఏర్పాట్లున్న చోట తప్ప వీటిని ఇవ్వకూడదని కట్టడి చేసింది. తీవ్రమైన స్పందనల్లో చాలావరకు తొలి అరగంటలోనే బయటపడతాయి, ఆయాసం అదుపులో లేనివారికి ముప్పు ఎక్కువ. అందుకే ఊదించి చూడడం, కూర్చోబెట్టడం, అడ్రినలిన్ చేతికందేలా ఉంచడం అనే మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చోటుకు వెళ్లవద్దని నా సలహా. ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా రెండు గంటల పాటు ఆటలు, పరుగులు వద్దని కూడా మాకు చెప్పేవారు.

మోతాదు పెంచే దశ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మాకు ఆ సంఘటన వల్ల ఇంకాస్త పట్టింది. ఆ తర్వాత నిలకడ మోతాదు, నెలకోసారి. అసలు కష్టం ఇక్కడే ఉంటుంది. సంక్రాంతికి ఊరు వెళ్లడం, వార్షిక పరీక్షలు, మధ్యలో జ్వరాలు, వీటన్నిటి మధ్యా తేదీలు జారిపోతుంటాయి. ఎడం ఎక్కువైతే పాత మోతాదు వేయరు, తగ్గించి మళ్లీ ఎక్కిస్తారు. కొత్త సీసా తెరిచినప్పుడు కూడా మొదటిసారి తగ్గించే వేస్తారు, ఎందుకంటే మా మందు బలాన్ని బరువు, ఘనపరిమాణాల నిష్పత్తిలోనే రాశారు, ఆ అంకె ఒకటే అయినంత మాత్రాన రెండు తయారీల్లో అలర్జీ ప్రోటీన్ సమానంగా ఉంటుందని కాదు. ఇదే కారణంగా మధ్యలో వేరే కంపెనీ మందుకు మారవద్దని డాక్టర్ గారు చెప్పారు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారేవారు మొదలుపెట్టే ముందే దీని గురించి ఆలోచించుకోవాలి.

ఫలితం సంగతి. మొదటి ఏడాది చివరికి పొద్దుటి తుమ్ములు తగ్గాయి. రెండో ఏడాది చలికాలంలో ఇన్‌హేలర్ అవసరం చాలా తగ్గింది, మూడో ఏడాదిలో దాదాపు లేదు. ఇప్పుడు నోరు మూసుకుని, హాయిగా ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిద్రపోతోంది. ఇంతకంటే నాకు ఏం కావాలి? అయితే వానలు పడి వీధి చివరి ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ తెల్లగా పూసినప్పుడు కొన్ని వారాలు తుమ్ములు వస్తూనే ఉన్నాయి, అప్పుడు స్ప్రే వాడుతుంది. ఆ పుప్పొడి మా సీసాలో లేదు కాబట్టి దాని మీద ప్రభావం ఉంటుందని ఆశించకూడదు. నిలకడ మోతాదు ఏడాది పాటు తీసుకున్నా తేడా కనిపించకపోతే ఎక్కడ లోపముందో తిరిగి చూడాలనీ, ఊరికే పొడిగించకూడదనీ మాకు మొదట్లోనే చెప్పారు. అలా చెప్పే డాక్టర్ దొరకడం అదృష్టం.

అందరికీ ఇది సరిపడదు. ఆయాసం అదుపులోకి రానివారికి, గుండెకో బీపీకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి సాధారణంగా మొదలుపెట్టరు, ఎందుకంటే ఆ మాత్రలు వాడేవారిలో అవసరమైనప్పుడు అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. గర్భవతులకు కొత్తగా ఆరంభించరు, ముందు నుంచి నిలకడ మోతాదులో ఉన్నవారికి కొనసాగించవచ్చు. మామూలుగా ఐదేళ్లు నిండిన పిల్లలకే ఇస్తారు. సూది వద్దనుకునేవారికి నాలుక కింద వేసుకునే చుక్కలూ మాత్రలూ ఉన్నాయి. మొదటి మోతాదు డాక్టర్ ఎదుట వేసుకుని, తర్వాత రోజూ ఇంట్లోనే వాడుకోవచ్చు, ఒళ్లంతా పాకే స్పందనలు వాటితో తక్కువ. కాకపోతే రోజూ తప్పకుండా ఏళ్ల పాటు వేసుకోవాలి, ఆ నియమం పిల్లలున్న ఇంట్లో నిలబడడం కష్టమని మేము ఇంజెక్షన్లే ఎంచుకున్నాము.

ఖర్చులో సీసాల ధర, వేసే ఛార్జీ, డాక్టర్ ఫీజు వేరువేరుగా ఉంటాయి. మా ఆరోగ్య బీమాలో ఔట్‌పేషెంట్ ఖర్చులు లేవు కాబట్టి అంతా చేతి నుంచే పెట్టుకున్నాము. మొదటి ఏడాది భారంగానే ఉంటుంది, నెలకోసారి అయ్యాక తేలికవుతుంది. మొత్తం కోర్సు ఖర్చును మొదటి రోజే కాగితం మీద రాసివ్వమని అడగండి, మాకు రాసిచ్చారు.

చికిత్సకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. మేము కోర్సు పూర్తి చేసిన క్లినిక్‌కు నాలుగు. ఒకటి తగ్గించింది ఎందుకంటే, సాయంత్రం ఇంజెక్షన్లు వేసే వేళల్లో కొన్ని రోజులు డాక్టర్ గారు ముందే వెళ్లిపోయి సిస్టర్లు మాత్రమే ఉండేవారు. అలాంటి రోజున మేము ఇంజెక్షన్ వేయించుకోకుండా ఇంటికి వచ్చేసి, మరునాడు వెళ్లేవాళ్లం. ఈ సంగతి వాళ్లకు రాతపూర్వకంగా చెప్పాము. ఇప్పుడు డాక్టర్ ఉండే వేళల్లోనే ఇంజెక్షన్లు వేస్తామని రిసెప్షన్ దగ్గర బోర్డు పెట్టారు.